హనుమంతరాయుడి నోట్లో గుడ్డ

విడపనకల్లు సుంకన్నకు ఇంజను లొంగింది గానీ ఇంగ్లీషు లొంగలేదు. అనంతపురం తర్ఫీదు కేంద్రంలో మోటారు రిపేరు పని నేర్చుకోవడానికి చేరి రెండేళ్లు దాటింది. కళ్లకు గంతలు కట్టినా జీపు ఇంజను మొత్తం విప్పి, ఒక్క నట్టు మిగల్చకుండా మళ్లీ బిగించేవాడు. ఆ నట్టు పక్కనున్న సామాను పేరేమిటని అడిగితే మాత్రం నాలుక మడత పడేది. కిందటేడు పరీక్ష అట్లాగే తప్పాడు. ఇది రెండోసారి, ఇదే ఆఖరిసారి. ఈసారీ తప్పితే ఇల్లరికం వెళ్లిన ఇంట్లో గొర్రెల మంద వెనక నడవాల్సిందే. అత్త మారెక్క అప్పుడే అల్లుడి కోసం కొత్త గొంగడి కొని దండెం మీద వేసి పెట్టిందట. ఆ గొంగడి తలపుకొస్తే చాలు, చలికాలంలో కూడా సుంకన్నకు చెమటలు పట్టేవి.

సామాన్లు గుర్తుండటానికి అతనొక ఉపాయం కనిపెట్టాడు. ఒక్కోదానికి తనకు తెలిసిన మనిషి పేరు పెట్టుకున్నాడు. నాలుగు సిలిండర్లకూ వరసగా నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటరు బయమ్మ అయింది. హాస్టల్లో సంగటి వడ్డించే బయమ్మ దగ్గర ఎంతటివాడికైనా వరస తప్పి ముద్ద పడదు మరి. పెట్రోలుకు గాలి కలిపి మంటకు పంపే కార్బురేటరు ఇంకెవరు, అత్త మారెక్కే. ఉన్న మాటకు ఇంత గాలి కలిపి ఊరంతా అంటించడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. కార్బురేటరు విప్పినప్పుడల్లా సుంకన్న 'మా అత్త మారెక్క' అని గొణగడం షెడ్డులో అందరూ విన్నదే. ఇక ఇంజను రొదను అణచి, పొగను వెనక గొట్టంలోంచి వదిలే సైలెన్సరు. దానికి పేరు వెతుక్కునే పనే పడలేదు. చుట్ట పొగ వదులుతూ షెడ్డులో అడుగు పెట్టగానే ఇరవై నోళ్లు మూయించే మనిషి ఒక్కడే, పాఠం చెప్పే హనుమంతరాయుడు సారు.

ఉపాయం బ్రహ్మాండంగా పారింది. ఎంతగా పారిందంటే, మనుషుల పేర్లు నిలబడిపోయి అసలు పేర్లు ఎగిరిపోయాయి.

పరీక్ష రోజు హైదరాబాదు నుంచి అధికారి వచ్చాడు. గ్రీజు షెడ్డుకు తెల్ల ప్యాంటు వేసుకొచ్చిన మనిషి దగ్గర జాలి ఏముంటుంది? అందరినీ బయటికి పంపి, జీపులో తానే ఏదో చెడగొట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచాడు. ఏం చెడిందో కనిపెట్టాలి, ఎక్కడ చెడిందో పేరుతో సహా చెప్పాలి. సుంకన్న కంటే ముందు వెళ్లిన ఓబుళేసు అరగంటసేపు ప్లగ్గులన్నీ విప్పి, చేతులు మసి చేసుకుని తలవంచుకు వచ్చాడు.

సుంకన్న జీపు స్టార్టు చేశాడు. ఇంజను అందుకుంది, రెండుసార్లు దగ్గింది, చచ్చింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. బానెట్టు ముట్టనైనా ముట్టకుండా తిన్నగా వెనక్కి వెళ్లి, గొట్టం దగ్గర వంగి చూశాడు. దొరికింది. పట్టలేని సంతోషంలో నోరు జారింది.

"హనుమంతరాయుడి నోట్లో గుడ్డ కుక్కినారు సార్."

పక్కనే నిలబడిన హనుమంతరాయుడి చుట్ట నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఎవరి నోట్లో?" అన్నాడు అధికారి.

సుంకన్న అసలు పేరు కోసం బుర్రంతా గాలించాడు. బంపరు వచ్చింది, బ్రేకు వచ్చింది, ఆఖరికి బిస్కెట్టు కూడా వచ్చింది. రావాల్సింది రాలేదు. వేలితో గొట్టం చూపించి, హనుమంతరాయుడేనని మళ్లీ నసిగాడు. దండెం మీది గొంగడి వచ్చి భుజాన పడ్డట్టే అనిపించింది.

పొద్దున్నుంచీ 'మాస్టారూ' అని పిలవడమే తప్ప అధికారికి హనుమంతరాయుడి పేరు తెలియదు. ఇక్కడ దీన్ని అలా అంటారా అని ఆయన్నే అడిగాడు.

హనుమంతరాయుడు గొట్టం వంక చూశాడు. సుంకన్న వంక చూశాడు. ఆ చూపుకు సుంకన్న సగం చచ్చాడు.

"ఔ సార్," అన్నాడు హనుమంతరాయుడు చివరికి. "ఈ పక్కంతా అట్లనే అంటారు."

అధికారి తాను కుక్కిన గుడ్డ లాగి పారేశాడు. ఇంత తొందరగా ఎవరూ పట్టుకోలేదని మెచ్చుకుని, పుస్తకంలో పాసు రాశాడు. పక్కన 'సైలెన్సరుకు స్థానికంగా హనుమంతరాయుడు అని పేరు' అని కూడా రాసుకున్నాడు. తర్వాత సంతకానికి పుస్తకం మాస్టారి ముందుకు జరిపాడు. మాస్టారు పొడి అక్షరాలు కాకుండా, ఎప్పటిలాగే పూర్తి పేరు రాశాడు.

అధికారి ఆ సంతకం చదివాడు. గొట్టం వైపు చూశాడు, చుట్ట పొగ వైపు చూశాడు. జేబురుమాలు నోట్లో కుక్కుకుని గబగబా వెళ్లి కారెక్కాడు.

కారు కనుమరుగవగానే సుంకన్న సారు కాళ్ల మీద పడ్డాడు. కన్న నాయన కూడా తనకింత మేలు చెయ్యలేదనిపించి నిజంగానే ఏడ్చాడు. ఆ ఏడుపులోనే పోయిన మాట ఊడిపడింది. "సైలెన్సరు సార్. దాని పేరు సైలెన్సరు."

"ఇప్పుడు చెప్తే ఏం లాభమప్పా? బుక్కులో నా పేరు ఎక్కిపోయె కదా," అన్నాడు హనుమంతరాయుడు తాపీగా చుట్ట వెలిగించుకుంటూ. "నీ సర్టిఫికెట్టు మీ అత్త పేరుతోనే పోస్టు చేస్తా. కార్బురేటరు సంగతి గూడా ఆయమ్మకు రెండు ముక్కలు రాస్తా."

సుంకన్న నోరు ఠక్కున మూతపడింది. సైలెన్సరు బాగానే పనిచేస్తోంది.