ఓర్వలేని డాక్టరమ్మ

జపాన్‌లోని కనజావా ఊరి పెద్దాసుపత్రిలో కిడ్నీ డాక్టరు మురోయికి ఆ పిల్లను చూస్తే ఒళ్ళు మండేది. పిల్ల పేరు హినత్సు. డాక్టరై నిండా నాలుగేళ్ళు కాలేదు, అప్పుడే పరిశోధన చేసుకోమని ఆసుపత్రివాళ్ళు వారానికి రెండు రోజులు వార్డు పని తప్పించారు. కుర్ర డాక్టర్ల కోసం కొత్త పథకమట. దారి చూపించే పెద్దదిక్కుగా మురోయినే పెట్టారు.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ పిల్ల ఎంచుకున్న ప్రశ్న ఒకప్పుడు మురోయికి తట్టిందే. బీపీ మాత్ర పొద్దున కాక పడుకోబోయే ముందు వేసుకుంటే కిడ్నీలు ఎక్కువ కాలం నిలుస్తాయా అని. ఆ వయసులో తను ఒక్క రోజు ఇమ్మని అడిగితే ప్రొఫెసరు "ముందు వార్డు చూడమ్మా" అన్నాడు. వార్డు చూస్తూనే జుట్టు నెరిసిపోయింది.

మార్చి నెలాఖరుకి ముప్ఫైమంది రోగులు పరిశోధనలో చేరకపోతే ఆ రెండు రోజులూ గుండె విభాగంలో కుర్రాడికి పోతాయి. రోగులంతా ఏళ్ళ తరబడి మురోయి దగ్గరికి వస్తున్న ముసలివాళ్ళే. డాక్టరు మాటకు ఎదురు చెప్పడం ఆ తరానికి తెలియదు.

"ఆ చిన్న డాక్టరమ్మ ఏదో పరిశోధనంటోంది. చేరమంటారా?" అని తొకుయె అవ్వ అడిగింది.

"మీ ఇష్టమండీ," అంది మురోయి, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా.

"ఓహో. అయితే వద్దులెండి."

డాక్టరు 'చేరండి' అనలేదంటే వద్దన్నట్టేనని అవ్వ లెక్క. ఆ లెక్క మురోయికీ తెలుసు. అడిగినవాళ్ళందరికీ అదే జవాబు. తప్పు పట్టడానికి ఎవరికీ వీల్లేదు, రోగిని బలవంతపెట్టకూడదన్నది నియమమే కదా!

మార్చి చివరికొచ్చింది. మంచు కరిగింది గానీ సగంమంది కూడా చేరలేదు. హినత్సు మిఠాయి డబ్బా పట్టుకుని గదిలోకి వచ్చింది.

"నా రెండు రోజులూ పోయినట్టే మేడమ్. థాంక్స్ చెబుదామని వచ్చాను."

"దేనికీ?"

"మీరు 'మీ ఇష్టం' అన్నారని తొకుయె అవ్వ చెప్పింది. ఇంకొకరైతే చేరమని తోసేవాళ్ళు. నా కోసం కూడా మీరు రోగుల్ని ఒత్తిడి చెయ్యలేదు. పెద్దరికమంటే అదీ అనుకున్నా."

మురోయి చెంపలు వేడెక్కాయి. తిట్టినా బాగుండేది. "రేపే చెబుతానుండు వాళ్ళకి. నేనొక్క మాటంటే ముప్ఫైమందీ వస్తారు."

"అమ్మో, వద్దు మేడమ్! మీరంటే వాళ్ళు కాదనలేరు. అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది? పథకం పోతే పోనివ్వండి, నెమ్మదిగా సెలవు రోజుల్లో చేసుకుంటా."

మంచితనంలో కూడా దీనిదే పైచేయా! అనుకుంది మురోయి. నిజం నోటిదాకా వచ్చింది, మింగేసింది.

"సెలవులు పాడుచేసుకోకు," అంది గరుగ్గా. "మంగళ, గురువారాలు నీ వార్డు నేను చూస్తాలే. పో."

హినత్సు నడుం వంచి నమస్కరించి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మురోయి ఒక మిఠాయి కొరికింది. ఆ వయసులో తన వార్డు చూస్తానన్న మనిషి ఒక్కరైనా ఎందుకు దొరకలేదు? ఆ పిల్లకు మురోయి దొరికిందని మురోయికే అసూయ పుట్టింది.