పంపకాల్లో మరిచిన పిల్లి

మా అన్నదమ్ములిద్దరం దుకాణం పంచుకున్న రోజున పంచకుండా వదిలిన వస్తువు లేదు. కుట్టుమిషన్లు నాలుగుంటే చెరి రెండు. దబ్బనాలు, కత్తెరలు, నిచ్చెనలు, చివరికి గోడకున్న మేకులు కూడా లెక్కపెట్టుకున్నాం. దూది ఏకే యంత్రం తమ్ముడికి వెళ్ళింది. దానికి బదులు రెండు వీధులు కలిసే మూల భాగం నాకొచ్చింది. పెద్దవాణ్ణి గనక ముందు కోరుకునే హక్కు నాది. రెండువైపుల నుంచీ జనం కనబడే చోటు చేతికందితే వదులుకునే వ్యాపారి ఉంటాడా?

గొడవపడి విడిపోలేదు మేము. మాటలు తగ్గి విడిపోయాం. మధ్యలో చెక్కగోడ లేచింది. గాలాడాలని పైకప్పుకు మూరెడు కిందే ఆపించాం.

పిల్లి సంగతి ఇద్దరికీ గుర్తురాలేదు.

మాది పరుపుల వ్యాపారం. కుట్టి దించిన ప్రతి పరుపూ ఎక్కి, నాలుగు మూలలూ తొక్కి, మధ్యలో రెండు చుట్లు తిరిగి చూసేది గనక మా నాన్న దానికి ‘తనిఖీ’ అని పేరు పెట్టాడు. బూడిదరంగు ఒళ్ళు, ఎడమ చెవి సగమే ఉంటుంది. ఒకసారి సగం దూది కూరిన గలేబులోకి ఎప్పుడు దూరిందో దూరింది. తమ్ముడు చూసుకోకుండా గలేబు మూతి కుట్టేశాడు. నేను చూసుకోకుండా దబ్బనంతో టాకాలు వేసేశాను. పరుపు బండెక్కి, నాలుగు వీధుల అవతల రిటైరైన హెడ్‌మాస్టరు గారింటికి చేరింది. ఆయన మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చగానే పరుపు అరిచింది.

మేమిద్దరం పరుగెత్తుకెళ్ళి కుట్లు విప్పాం. పిల్లి బయటికొచ్చి తుమ్మింది. ఒళ్ళు విదిల్చింది. ఒంటిమీద ఒక్క దబ్బనపు పోటు లేదు. తర్వాత ఏమీ జరగనట్టు ఆ పరుపే ఎక్కి నాలుగు మూలలూ తొక్కి, మధ్యలో ముడుచుకుని పడుకుంది.

“దీనికి నచ్చినట్టుందే,” అన్నాడు హెడ్‌మాస్టరు. “సరే, మళ్ళీ కుట్టి ఇవ్వండి. ఈసారి ఖాళీగా.”

ఆయన గుమ్మం మెట్ల మీద కూచుని నేనూ తమ్ముడూ నవ్విన నవ్వుకు ఆయన మంచినీళ్ళు తెప్పించాల్సి వచ్చింది. ఆ కథ ఊరంతా పాకింది. అప్పట్నుంచి పిల్లి పడుకున్న పరుపే కావాలని జనం అడగడం మొదలైంది.

ఇప్పుడు చెప్పండి, అలాంటి పిల్లిని పంపకాల్లో మరిచిపోయిన మమ్మల్ని ఏమనాలి?

గోడ లేచిన మర్నాడే అది తన వాటా తనే తేల్చుకుంది. పొద్దున్నే నా వైపుకి వచ్చేది. వచ్చి చేసేదేమిటి? దారపు ఉండలు దొర్లించేది. కొలత పట్టీ నోట కరుచుకుని నిచ్చెనెక్కేది. నేను కుడుతుంటే దబ్బనం మీదికి పంజా విసిరేది. ఒకరోజు గుండీల డబ్బా తలకిందులు చేసి, దొర్లే ప్రతి గుండీ వెంటా పడి, ఆఖరిది నా చెప్పులో దాచింది. ఇలా రెండు గంటలు నా పని పాడుచేసి, పరుపుల దొంతర మీంచి గోడెక్కి, అవతలికి దూకేది. అక్కడ తమ్ముడి పరుపు మీద సాయంత్రం దాకా నిద్ర.

అంటే నష్టం నాది, నిద్ర వాడిది. ఈ లెక్క నాకు మింగుడుపడలేదు.

ఒకరోజు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. నా పరుపులు నొక్కి చూసింది, కుట్లు లాగి చూసింది, తల ఊపింది. బేరం కుదిరిందనుకున్నాను.

“పిల్లి ఏదండీ?” అంది.

“ఇప్పుడే బయటికెళ్ళింది.”

అదే సమయానికి గోడ అవతల తమ్ముడు ఎవరితోనో అంటున్నాడు: “ఉష్... మెల్లగా మాట్లాడండి, తనిఖీ పడుకుంది.”

నర్సమ్మ నావైపు జాలిగా చూసి, “మళ్ళీ వస్తానండీ,” అని వీధిలోకి దిగి పక్క గుమ్మమెక్కింది.

ఆ పూట అన్నం సహించలేదు నాకు. ఒక బేరం పోయిందని కాదు. బేరాలు వస్తాయి, పోతాయి. చిన్నప్పుడు దాని చెవి కుక్క కొరికితే పసుపద్దింది నేను. చలికాలం నా చొక్కా పరిచింది నేను. వాడేం చేశాడు? ఏకిన దూది దుమ్ములో కూచుని దగ్గుతాడు. వాడిలో అది ఏం చూసింది? నాలో ఏం తక్కువైంది?

“ఏమండీ, పిల్లి మీద ఇంత కుళ్ళు ఏమిటండీ?” అంది మా ఆవిడ.

“పిల్లి మీద కాదు.”

“తెలుసులెండి ఎవరిమీదో. గోడ కట్టించమన్నది మీరే. ఇప్పుడు గోడ మీద పిల్లిని చూసి ఏడుస్తున్నదీ మీరే.”

“నేనెక్కడ ఏడ్చాను? వ్యాపారం చూసుకుంటున్నాను.”

“కాలుగాలిన పిల్లి నయం, మీకంటే. అది ఒక్క ఇంట్లోనన్నా కాసేపు కూచుంటుంది.”

వ్యాపారంలో పోటీ వచ్చినప్పుడు ఏడవకూడదు, సరుకు మార్చాలి. మొదట పాలు పెట్టాను. తాగి, మూతి తుడుచుకుని, గోడెక్కింది. చేపముక్క పెట్టాను. దాన్ని నోట కరుచుకుని మరీ అవతలికి పోయింది. తమ్ముడి నవ్వు వినబడింది: “ఓహో, ఇవాళ కానుక కూడా తెచ్చావా నాకు?”

అప్పుడు మూలికలమ్మే ముసలాయన గుర్తొచ్చాడు. కుప్పింటాకు వేరు వాసనకి పిల్లులు పడిచస్తాయని ఆయనే ఎప్పుడో చెప్పాడు.

“ఎన్ని పిల్లులు బాబూ?” అన్నాడు ముసలాయన.

“ఒక్కటే.”

“అయితే వేలెడు ముక్క చాలు.”

జీవితంలో నేను ఏదీ చిల్లరగా కొనలేదు. దూదైనా, దారమైనా టోకున కొనడమే. “కట్ట మొత్తం ఇవ్వు,” అన్నాను.

“కట్టంటే ఒక పేట పిల్లులకి సరిపోతుంది బాబూ.”

“నీ సరుకు నువ్వే వద్దంటావేమయ్యా? ఇవ్వు.”

వేళ్ళు దంచి, గుడ్డలో చుట్టి, వాకిట్లో అందరికీ కనబడేలా పరిచే పరుపులో కూరి కుట్టాను. మర్నాడు పొద్దున తనిఖీ వచ్చింది. ముక్కు ఎగరేసింది. పరుపెక్కి నాలుగు మూలలూ తొక్కే ఓపిక కూడా లేకుండా వెల్లకిలా పడి దొర్లింది. చొంగ కార్చింది. మొహమంతా పరుపుకేసి రుద్దింది. నా గుండె నిండిపోయింది. ‘ఒరేయ్ తమ్ముడూ, ఇప్పుడు చూడు,’ అనుకున్నాను.

పావుగంటలో ఇంకో పిల్లి వచ్చింది. తర్వాత రెండు. తర్వాత లెక్క తప్పింది. కసాయి కొట్టు దగ్గరుండే తెల్ల గండుపిల్లి, బేకరీ వాళ్ళ మచ్చల పిల్లి, ఎన్నడూ చూడని మొహాలు. పరుపు పీలికలైపోయింది, దూది వీధిలోకి ఎగిరింది. గండుపిల్లి తనిఖీ మీద పడింది. తనిఖీ ఊరుకునే రకమా? దాని ముక్కు మీద రెండు పీకి, పరుపుల దొంతర ఎక్కి, గోడ మీదికి దూకింది. గండుపిల్లి వెంటపడింది. చీపురు పట్టుకుని నేను వెంటపడ్డాను.

గోడ మీద రెండూ పెనుగులాడాయి. మత్తులో ఉంది కాబోలు, ఎటు విసిరినా నాలుగు కాళ్ళ మీద దిగే నా పిల్లి ఈసారి పక్కకి పడింది. పడటం నావైపే. కుట్టుమిషన్ ఇనపచట్రానికి ముందుకాలు తగిలి, ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

ఆ చప్పుడుకి తమ్ముడు వీధిలోంచి చుట్టు తిరిగి వచ్చాడు. గోడ లేచాక వాడు నా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. ఏమీ అడగలేదు. చొక్కా విప్పి పిల్లిని చుట్టాడు. ఇద్దరం ఒక్క పరుగున పశువుల డాక్టరమ్మ దగ్గరికి పోయాం.

ఆవిడ కాలు సరిచేసి కట్టు వేసింది. “మూడు వారాలు గెంతనివ్వకండి.”

“ఆ ముక్క దానికే చెప్పండి మేడమ్. మా మాట వినదు,” అన్నాడు తమ్ముడు.

జరిగింది విని, “అన్ని పిల్లులు ఒక్కసారే ఎందుకొచ్చాయి?” అంది.

నేను చేతిగుడ్డ వెతుక్కున్నాను.

“ఎవరి పిల్లి ఇది? పేరు రాసుకోవాలి.”

డాక్టరమ్మ కలం ఎత్తి పట్టుకుని చూస్తోంది.

“మా అన్నయ్యదండీ,” అన్నాడు తమ్ముడు. నావైపు తిరిగి, “నీ దగ్గరే ఉంచు అన్నయ్యా. నా దగ్గర యంత్రం, దుమ్ము. వదిన బాగా చూసుకుంటుంది,” అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. ఏ బేరమూ లేకుండా చేతికొచ్చింది. అయినా అందులో ఎక్కడో పుచ్చు ఉందనిపించింది.

తనిఖీ రెండు రోజులు పడుకుంది. మూడో రోజు కట్టు కాలు ఈడ్చుకుంటూ లేచింది. నాలుగో రోజుకి ఆ కట్టుకి ఉపయోగాలు కనిపెట్టింది. దాంతో డబ్బాల మూతలు కొట్టి తెరిచేది. తలుపు సందులో దూర్చి తలుపు తీసేది. దారపు ఉండని బంతిలా తన్నేది. “మూడు కాళ్ళకే ఇంత, నాలుగూ ఉంటే ఊరు అమ్మేసేది,” అంది మా ఆవిడ. చూసేవాళ్ళు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, మధ్యాహ్నం దాకా.

మధ్యాహ్నమయ్యేసరికి అది చెక్కగోడ దగ్గరికి పోయి కూచునేది. ఎక్కలేదు. కట్టు కాలితో గోడని తట్టేది. టక్. కాసేపాగి మళ్ళీ టక్. నా మెత్తటి పరుపు మీద ఎత్తి పడుకోబెడితే దిగి మళ్ళీ అక్కడికే. అవతల యంత్రం ఆగిపోయేది. తమ్ముడు వింటున్నాడని తెలిసేది. వాడు పిలవడు. నేను పలకరించను. మధ్యలో టక్, టక్.

నా ఇంట్లో ఉండి, నా చేతి తిండి తిని, వాడి కోసం తలుపు కొడుతోంది. అసూయకి కూడా ఒక హద్దుండాలి. నాది ఆ హద్దు ఎప్పుడో దాటింది. పన్నెండో రోజున మాత్రం నిజం ఒప్పుకోక తప్పలేదు. సరుకు గోదాములో ఉన్నంత మాత్రాన మనదైపోదు. పైగా దాని కాలు విరగ్గొట్టింది నేను.

వడ్రంగిని పిలిచాను. “కింద, నేలకానుకుని, ఒక కన్నం కొయ్యి.”

“ఎంత పెద్దది?”

“పిల్లి దూరేంత.”

“ఇంకాస్త పెద్దది కొయ్యమంటారా? మళ్ళీ మళ్ళీ పిలవక్కర్లేకుండా.”

“చెప్పినంత కొయ్యి!”

వాడు కోసి వెళ్ళాడు. తనిఖీ కన్నం అంచు వాసన చూసింది, మీసాలతో కొలత చూసింది, కట్టు కాలు ముందు వేసి అవతలికి పోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పది నిమిషాలు కుడుతున్నట్టు కూచున్నాను. ఆగలేక బోర్లా పడుకుని కన్నంలోంచి చూశాను.

అటు నుంచి నన్నే చూస్తూ తమ్ముడి మొహం.

“ఏం చూస్తున్నావురా?” అన్నాను.

“నువ్వేం చూస్తున్నావు అన్నయ్యా?”

“పిల్లిని.”

“పడుకుంది. యంత్రం పక్కన.” మళ్ళీ తనే అన్నాడు: “నా దగ్గరికి అది పడుకోడానికే వస్తుంది. యంత్రం వెచ్చగా ఉంటుందని. నేనంటే కాదు.”

“పడుకోడం చాలదా నీకు?”

“ఏం చాలుతుంది? పొద్దున్నే నీ వైపు ఆ డబ్బాలు పడటం, నువ్వు తిట్టడం, వదిన నవ్వడం... అన్నీ ఇటు వినబడతాయి. నాతో ఒక్కసారన్నా ఆడిందా? దారం కదిలిస్తే మొహం తిప్పుకుంటుంది. కడుపు రగిలిపోయేది నాకు.”

ఇరవై ఏళ్ళ వ్యాపారంలో అంత పెద్ద లెక్క ఎన్నడూ తప్పలేదు. నేను నష్టమని రోజూ తిట్టుకున్నదాన్ని, గోడ అవతల వీడు లాభమని చూసి కుళ్ళుకున్నాడు.

“ఒరేయ్, ఒక సంగతి. ఆ పరుపులో వేరు పెట్టింది...”

“తెలుసు. వదిన ఆ రోజే చెప్పింది.”

“చెప్పిందా! మరి అడగలేదేం?”

“అడిగితే సిగ్గుపడి పిల్లిని నాకిచ్చేస్తావు. ఆ తర్వాత నాతో ఉన్న ఆ నాలుగు మాటలూ మానేస్తావు. నీ సంగతి నాకు తెలీదా?”

నేల చల్లగా ఉంది. లేవబుద్ధి కాలేదు.

“అన్నయ్యా, ఏ దారమైతే ఆడుతుందది?”

చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. నాకున్న ఒక్క రహస్యం అదే. మామూలు దారం దానికి లెక్కలేదు. పరుపుల అంచు కుట్టడానికి నేను మైనం రాసి పెట్టుకునే దారమైతే వాసనకే లేచి కూచుంటుంది. అది చెప్పేస్తే రేపటినుంచి అల్లరి కూడా అటే పోవచ్చు. ఇంకేం మిగులుతుంది నాకు?

“మామూలు దారమే,” అన్నాను.

“ఓహో,” అన్నాడు తమ్ముడు. వాడు నమ్మాడు. చిన్నప్పటినుంచీ అంతే, నేనేం చెప్పినా నమ్ముతాడు.

మళ్ళీ బల్ల దగ్గర కూచున్నాను. ఒక కుట్టు వేశాను. రెండో కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ వేశాను, మళ్ళీ వంకరే. లేచి మైనం దారం ఉండ తీసుకుని, బోర్లా పడుకుని, కన్నంలోంచి అవతలికి దొర్లించాను.

“ఇది, ఇదైతే,” అన్నాను. “కొస పట్టుకుని నేలమీద మెల్లగా లాగు. గబగబా లాగావంటే లేవదు.”

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత కట్టు కాలు నేలమీద టకటకమంది. ఏదో డబ్బా బోర్లా పడింది. ఇంకేదో దాని వెనకే పడింది. “అమ్మో, అమ్మో, నా కత్తెర!” అని అరుస్తూ తమ్ముడు పగలబడి నవ్వాడు. వాడు అలా నవ్వగా విని ఎన్నేళ్ళయిందో.

నా వైపు అంతా సర్దినట్టుంది. ఒక్క దారం కూడా కదల్లేదు. కడుపు మండింది. మండనీ అనుకుని, మైనం కరిగించి ఇంకో ఉండ చుట్టడం మొదలుపెట్టాను.