చెరిపేసిన గీత

కొలతమ్మకి ఆ పేరు పెట్టింది ఆమె బావ. అక్క మొగుడు, కార్ల అద్దాలు మార్చే షెడ్డుకి యజమాని. మంచం కొనడానికి వెళ్ళినా చేతిలో టేపుతో వెళ్ళే మనిషిని ఇంకేమని పిలుస్తారు? షెడ్డులో అందరూ అదే పేరు అందుకున్నారు. ఆమె కూడా పలకడం మొదలుపెట్టేసింది.

ఆమె పనే అలాంటిది. ఈ కాలపు కార్లకి ముందద్దం వెనక చిన్న కెమెరా ఉంటుంది. అది రోడ్డు మీది గీతల్ని చూస్తూ ఉంటుంది. బండి గీత దాటబోతే స్టీరింగును తనే తిప్పి దారిలో పెడుతుంది. అద్దం మార్చినప్పుడల్లా ఆ కెమెరాకి చూపు మళ్ళీ నేర్పాలి. అందుకని షెడ్డు నేల మీద కొలతమ్మ ఎప్పుడో తెల్లరంగుతో చక్రాలకి నాలుగు గుర్తులు వేసింది. ముందు చక్రాల గుర్తులకి సరిగ్గా నూటయాభై సెంటీమీటర్ల దూరంలో ఒక అడ్డగీత గీసింది. కారును గుర్తుల మీద ఆపి, గీత మీద నలుపు తెలుపు గళ్ళ బోర్డు నిలబెట్టి, కారుకి చూపు నేర్పే యంత్రం తగిలిస్తే తిన్నగా అంటే ఏమిటో కెమెరా నేర్చుకుంటుంది. గీత అటూ ఇటూ అయితే తప్పు పాఠం నేర్చుకుంటుంది. పని అయ్యాక కాగితం మీద సంతకం కొలతమ్మదే.

మూడు నెలల కిందట ఒక రిటైరైన నర్సమ్మ కారుకి అలాగే అద్దం మార్చారు. పంతొమ్మిది రోజుల తర్వాత, పట్టపగలు, గీత గీసినట్టున్న రోడ్డు మీద ఆ కారు పక్కకి తిరిగి, అంచున స్కూటర్ టైరు మార్చుకుంటున్న ఒకతన్ని గుద్దేసింది. అతని కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. పోలీసులు నర్సమ్మ మీద కేసు పెట్టారు.

"నేను తిప్పలేదు బాబూ, అదే తిరిగింది. పట్టుకుంటే నా చేతుల్ని కూడా లాగేసింది" అని ఆవిడ స్టేషన్లో మొత్తుకుందట.

ఆ మాట షెడ్డుకి చేరినప్పుడు కొలతమ్మ అద్దానికి జిగురు పూస్తోంది. "గుద్దిన ప్రతివాళ్ళూ అదే అంటారు. కునుకు పట్టేసుంటుంది" అని పని చూసుకుంది. అంత తేలిగ్గా అనేసింది. ఆ తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన నోరే చేదయ్యేది.

ఎందుకంటే నర్సమ్మ వదల్లేదు. వకీలును పెట్టుకుని కార్ల కంపెనీని కోర్టుకి లాగింది. కంపెనీవాళ్ళు తాపీగా జవాబిచ్చారు. మా సాంకేతికతలో లోపం లేదు, అద్దం బయట షెడ్డులో మార్పించారు, కెమెరాకి చూపు తప్పుగా నేర్పింది వాళ్ళే, ప్రమాదానికి బాధ్యత వాళ్ళదే అన్నారు. సోమవారం పొద్దున షెడ్డుకి నోటీసు వచ్చింది. కోర్టు నియమించిన ఇంజనీరు గురువారం వచ్చి గుర్తులన్నీ కొలుస్తాడని అందులో ఉంది.

బావ నోటీసును రెండుసార్లు చదివి, మడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

"నేరం రుజువైతే జైలు కూడా ఉంటుందంటున్నాడు మన వకీలు" అన్నాడు.

"ఎవరికి బావా?"

"షెడ్డు నాదే అనుకో. కాగితం మీద సంతకం నీది కదమ్మా."

పదేళ్ళుగా చూస్తున్న మనిషి. ప్రతి ఆదివారం ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే మనిషి. ఆ ఒక్క మాటతో ఆమెను గీతకి అవతల నిలబెట్టేశాడు.

ముందురోజు ఆదివారం ఆమె ఎంత సంతోషంగా ఉందో! నెలకోసారి షెడ్డు టేపు ఇంటికి తీసుకెళ్ళి, ఏడేళ్ళ కూతుర్ని తలుపు చట్రానికి ఆనించి ఎత్తు కొలవడం అలవాటు. నెత్తి మీద పుస్తకం పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ, అంకె రాస్తుంది. పోయిన నెల నూటపన్నెండు. ఈ నెల నూటపధ్నాలుగు. నెల తిరక్కుండా రెండు సెంటీమీటర్లు! పిల్ల ఇల్లంతా గంతులేసింది. "మా అమ్మే, తాటిచెట్టులా అవుతావే" అని ఆమె ముద్దులాడింది. ఊళ్ళు తిరిగే లారీ మీదున్న మొగుడికి కూడా ఫోన్ చేసి చెప్పింది.

సోమవారం నుంచి అన్నం సహించలేదు. కళ్ళు మూస్తే ఆ కాలు లేని మనిషి. పేపర్లో అతని ఫొటో పడింది. ఆసుపత్రి మంచం మీద దుప్పటి ఒకవైపు పలచగా ఉంది. నా చేతుల మీదుగానే జరిగిందా? పదేపదే తనని తానే అడుక్కుంది. జైలంటే భయం వేసింది. కూతురు ఎవరి పంచన పెరుగుతుందోనని భయం వేసింది. అన్నిటికన్నా, నర్సమ్మ చెప్పింది నిజమై, ఆ నిజానికి కారణం తనే అవుతుందేమోనని భయం వేసింది.

బుధవారం సాయంత్రం అందరూ వెళ్ళేదాకా ఆగి, షట్టరు సగం దించి, టేపు తీసింది. ముందు ఎడమ చక్రం గుర్తుకి టేపు కొక్కెం ఆనించి గీతదాకా లాగింది.

నూటయాభై రెండు.

కళ్ళు నులుముకుని మళ్ళీ లాగింది. నూటయాభై రెండు. కుడి గుర్తు నుంచి లాగింది. అదే. మూడోసారి కూడా అదే.  రెండు సెంటీమీటర్లు తప్పు. ఇన్నాళ్ళూ ఎన్ని కార్లు ఈ గీత ముందు నిలబడి వెళ్ళాయి? ఒక కారు ఒక కాలు తీసేసింది. మిగతావి ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి?

ఆ క్షణంలో బావకి ఫోన్ చేసి ఉండొచ్చు. వకీలునైనా అడిగి ఉండొచ్చు. కానీ భయపడ్డ మనిషికి చేతులే ముందు కదులుతాయి. అలమరలోంచి రంగు కరిగించే థిన్నరు డబ్బా తెచ్చింది. గుడ్డ తడిపి, మోకాళ్ళ మీద కూర్చుని, గీతను రుద్దింది. ఆమె ఏ పనీ సగం సగం చేసే మనిషి కాదు. ఇదీ అంతే. చారికైనా మిగలకుండా తుడిచేసింది. రెండు సెంటీమీటర్లు చక్రాల గుర్తుల వైపుకి జరిపి కొత్త గీత గీసింది. ఆరేదాకా పక్కనే కూర్చుని, పాతదిలా కనబడాలని దాని మీద చెప్పుకాలితో దుమ్ము రాసింది. ఇంటికి వెళ్ళాక మూడుసార్లు చేతులు కడుక్కున్నా థిన్నరు వాసన పోలేదు.

గురువారం ఇంజనీరు వచ్చాడు. నెత్తిన పిడికెడు జుట్టున్న పెద్దమనిషి. గొంతు పెంచి మాట్లాడడం తెలియనట్టుంది. వెంట కంపెనీ లాయరు, వెనక నర్సమ్మ. నర్సమ్మ ఎవరినీ చూడకుండా, రెండు చేతులూ బిగించి ఒక మూల నిలబడింది. స్టీరింగును ఇంకా పట్టుకున్నట్టే ఉన్నాయి ఆ చేతులు.

ఇంజనీరు తన స్టీలు టేపు పరిచాడు. వంగి చూశాడు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు.

"నూటనలభై ఎనిమిది" అన్నాడు. "రెండు సెంటీమీటర్లు తక్కువ."

"కాదండీ!" కొలతమ్మ నోట్లోంచి వచ్చేసింది. "నేను నిన్ననే..."

అని నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇంజనీరు గీత మీది దుమ్ము వేలితో తుడిచి వాసన చూశాడు. "ఈ రంగు కొత్తదమ్మా. ఏదీ, మీ టేపు ఒకసారి ఇవ్వండి."

ఇచ్చింది. ఆయన దాన్ని చివరిదాకా లాగలేదు. మొదలు చూశాడు. కొక్కెం కింద ఒకటీ లేదు, రెండూ లేదు. మూడు నుంచి మొదలయ్యాయి అంకెలు. ఎవరో అంచు కత్తిరించి, కొక్కేన్ని మళ్ళీ బిగించారు. టేపు ఎక్కడ ఆగిందో అందరూ చూస్తారు, ఎక్కడ మొదలైందో ఎవరు చూస్తారు? కొలతల మనిషి కొలతమ్మే చూడలేదు.

ఆమెకి ముందుగా గుర్తొచ్చింది షెడ్డు కాదు, కోర్టు కాదు. ఆదివారం. నూటపధ్నాలుగు. అయితే పిల్ల పెరగలేదన్నమాట. ఆ వెంటనే రెండోది తట్టింది. పాత గీత సరైనదే. నూటయాభైకే ఉంది. తను తుడిచేసింది తప్పును కాదు, తన సాక్ష్యాన్ని.

"బావా, టేపు ఎప్పుడు కత్తిరించావు?" అని అడిగింది.

 బావ లాయరు వైపు చూశాడు, నేల చూశాడు. "టేపు సంగతి నాకేం తెలుసు? అది నీ దగ్గరేగా ఉండేది" అన్నాడు. టేపు అంచు వంగిపోయిందని కత్తెర అడిగింది అతనే. పోయిన వారం, అందరూ టీ తాగుతుండగా. ఆమెకి ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"పాత గీత సరిగ్గానే ఉందండీ. నేను ఆ కారుకి తప్పు చేయలేదు. నమ్మండి" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా, అందరితో.

 నర్సమ్మ మొదటిసారి తల తిప్పి ఆమెను చూసింది. రెండు నెలలకి పైగా అదే మాట ఊరంతటికీ చెప్పి అలసిపోయిన ముఖం అది.

"మరి ఎందుకు చెరిపావమ్మా?" అని అడిగింది, మెల్లగా.

"భయమేసిందండీ."

ఇంజనీరు కలం ఆపి, "రాయమంటారా?" అన్నాడు. రాయమని తలూపింది. 'భయపడి పాత గీతను చెరిపివేశాను' అని రాసి, సంతకం పెట్టించుకున్నాడు. కంపెనీ లాయరు ఆ వాక్యాన్ని ఇంకోసారి చదవమన్నాడు. చదివారు. అతను చిన్నగా నవ్వి సంచి సర్దుకున్నాడు.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. చెప్పులైనా విప్పకుండా తలుపు చట్రం ముందు కూలబడింది. రెండు పెన్సిల్ గీతలు. పోయిన నెలది, ఈ నెలది. ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు, గోరైనా దూరనంత దగ్గరగా ఉన్నాయి. ఒకదాని పక్కన నూటపన్నెండు, ఇంకోదాని పక్కన నూటపధ్నాలుగు, తేదీలతో సహా. అంటే పోయిన నెలదాకా టేపు నిండుగానే ఉంది. నర్సమ్మ కారు వచ్చిన నాటికీ నిండుగానే ఉంది.

నోటీసులో ఉన్న నర్సమ్మ వకీలు నంబరుకి ఫోన్ చేసింది. వకీలు ఆఫీసులోనే ఉన్న నర్సమ్మ ఫోన్ అందుకుంది. కొలతమ్మ చెప్పిందంతా వింది.

"ఇంజనీరుగార్ని తీసుకుని ఇప్పుడే వస్తున్నా. ఆ చట్రం దగ్గరే ఉండు తల్లీ" అంది.

ఫోన్ పెట్టేసి కొలతమ్మ మొహం కడుక్కోవడానికి లేచింది. స్కూలు నుంచి వచ్చిన కూతురు బ్యాగు కింద పడేసి, తల్లి ముఖం చూసి, తలుపు చూసి, సంగతి అడిగింది. దాచడానికి ఆమె దగ్గర ఓపిక లేదు.

"నువ్వు రెండు సెంటీమీటర్లు పెరగలేదు నాన్నా. అమ్మ తప్పుగా కొలిచింది."

పిల్ల మూతి ముడుచుకుంది. ఏడవలేదు. తల్లి కూతురే మరి, తప్పు కళ్ళెదుట ఉంటే ఊరుకోలేదు. కుళాయి కట్టేసి కొలతమ్మ వెనక్కి తిరిగేసరికి పిల్ల పెన్సిల్ డబ్బా తెరిచి, మునివేళ్ళ మీద నిలబడి, రబ్బరు చట్రానికి ఆనించింది.

"తప్పయితే చెరిపేస్తానమ్మా!"

"ముట్టుకోకు!"

ఆ కేకకి పిల్ల చేతిలోంచి రబ్బరు జారిపడింది. నూటపధ్నాలుగులో నాలుగు అప్పటికే సగం చెదిరింది. కొలతమ్మ వెళ్ళి, పిల్లని గుండెకి అదుముకుని, ఆ గీతలకి అడ్డంగా కూర్చుంది. ఎవరో వచ్చి తలుపు కొట్టేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.