రెండుసార్లు చరిస్తే

జూడో కోటు పిండటమంటే తడిసిన బొంతను పిండటమే. ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస పట్టుకుని ఒళ్లంతా పెట్టి మెలితిప్పాలి. మూడేళ్లుగా నా పొద్దు అలాగే మొదలవుతోంది. ఇవాళ మాత్రం తొందర. మా పిల్ల ఫైనల్ ఆడుతోంది.

పదమూడో ఏట ఇదే పిల్ల క్లాసులో ఇంకో అమ్మాయి ముక్కు పగలగొట్టింది. స్కూలు వాళ్లు ఇంటికి పంపేశారు. "నీ పెంపకం" అన్నారు మా ఆయన. "మా వంశంలో ఇలాంటి పిడుగు పుట్టలేదమ్మా" అన్నారు అత్తగారు, నేనేదో పుట్టింటి నుంచి మూటగట్టి తెచ్చినట్టు. చెయ్యి పట్టుకుని జూడో మాస్టారి దగ్గరికి తీసుకెళ్లింది నేను. మాస్టారు నెల రోజులు పడటమే నేర్పించారు. తర్వాత విసరడం. విసరడానికి ఇంట్లోనూ ఓ మనిషి కావాలిగా! దాని అన్నయ్యకి పరీక్షలు, వాళ్ల నాన్నకి నడుం నొప్పి. మిగిలింది ఎవరు? పొయ్యి ఆపి, పరుపు నేల మీద వేసి, రోజుకి ఇరవైసార్లు పడేదాన్ని. "నీకేం కష్టం, పడుకోవడమేగా" అని నవ్వేవారు ఆయన, పేపరు వెనకనుంచి.

ఆ ఆటలో ఒక నియమం ఉంది. పట్టు భరించలేకపోతే అరచేత్తో రెండుసార్లు చరచాలి. చరిచిన క్షణం అవతలివాళ్లు వదిలెయ్యాలి. వదలని వాళ్లని ఆటలోంచే గెంటేస్తారట. అది విన్నరోజు గిన్నెలు తోముతూ లెక్క వేసుకున్నాను, ఇరవై ఏళ్లలో నేనెన్నిసార్లు చరిచానో. ఎవరికి వినపడింది గనుక? మొదట్లో ఓసారి పిల్ల కోపంగా నా మెడ బిగించింది. పరుపు మీద రెండుసార్లు చరిచాను. టక్కున వదిలేసి, నా తల కింద అరచెయ్యి పెట్టి, "అమ్మా, నొప్పెట్టిందా?" అంది. ఈ ఇంట్లో నన్నామాట అడిగిన మొదటి మనిషి అదే. మా పిల్ల బాగుపడుతోందని నాకు ఆ రోజే తెలిసింది, పతకాలతో కాదు.

పతకాలొచ్చాక 'నీ పెంపకం' కాస్తా 'నా రక్తం' అయింది. ఆ రక్తం కాలరు మీద ఎంత మొండిగా అంటుకుంటుందో ఉతికేదాన్ని నాకు తెలుసు.

చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"నువ్వెక్కడికే? ఉన్నవి రెండు పాసులు. నాకూ, మా తమ్ముడికీ. అమ్మకి ఒంటిగంటకి అన్నం ఎవరు పెడతారు?"

"ఈ ఒక్కరోజూ..."

"అక్కడ నీకేం అర్థమవుతుంది? లోపలికి పద."

పట్టు బిగిసింది. రెండో చేత్తో తలుపు మీద రెండుసార్లు చరిచాను.

"తలుపు కొడతావేంటి, పిచ్చా?"

వెనక భుజాన సంచితో పిల్ల ఆగిపోయింది. ఒకప్పుడైతే ఈపాటికి ఏదో ఒకటి పగిలేది. ఇప్పుడు గొంతు కూడా పెంచలేదు.

"నాన్నా, అమ్మ చరిచింది. వదిలెయ్."

ఆయన దాని మొహం చూశారు, తర్వాత దాని చేతులు చూశారు. నా మణికట్టు వదిలేశారు.

ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న పాసు ఒకటి తీసుకున్నాను.

"అన్నం కుక్కర్లో ఉంది. గరిట రెండో సొరుగులో ఉంటుంది, మీకు తెలీదుగా" అని మెట్లు దిగాను.