నాలుగో మూల

నేను పార్శిళ్లు వేరుచేసే గోదాములో పనిచేస్తాను. పదకొండేళ్లుగా ఒకటే బల్ల. బెల్టు మీద పెట్టె వస్తుంది. దాని లేబుల్ మీదున్న నల్లగళ్ల కోడ్‌కు స్కానర్ చూపిస్తాను. బీప్ అంటుంది. పెట్టె తన దారిన తను పోతుంది. లోపల ఏముందో, ఎవరు ఎవరికి పంపారో మేం చదవం. చదువుతూ కూర్చుంటే వెనక పెట్టెలు పేరుకుపోతాయి. బీప్ వచ్చిందా, పని అయిపోయినట్టే. రాలేదా, తీసి పక్కన పెట్టాలి. ఈ పద్ధతి నాకు ఎంత వంటబట్టిందంటే, ఇంట్లో కూడా ఎవరైనా రెండు మాటల్లో అయ్యేది పది మాటల్లో చెబితే చిరాకేస్తుంది.

మా మామగారు రఫూ మేస్త్రీ. చిరిగిన కోటునో శాలువానో ఆ బట్టలోంచే పోగులు లాగి, అతుకు కనబడకుండా కలిపే పని అది. యాభై ఏళ్లు చేశారు. దుకాణం మూసేసి మా దగ్గరికి వచ్చాక కూడా పనిలో వేసుకునే బూడిదరంగు పొట్టి కోటు మాత్రం వదల్లేదు. జేబు అంచున ఎప్పుడూ రెండు సూదులు గుచ్చి ఉంటాయి. ఉదయం పదింటికి, సాయంత్రం నాలుగింటికి ఆ కోటు తగిలించుకుని ఒక చుట్టు తిరిగి వస్తారు. అత్తగారు పోయాక ఆయనకు మిగిలిన సరదా అదొక్కటే.

ఏడాదిగా మతిమరుపు మొదలైంది. ముందు కళ్లజోడు, తర్వాత పక్కింటివాళ్ల పేర్లు, ఆ తర్వాత దారి. మొదటిసారి తప్పిపోయినప్పుడు, ఎప్పుడో మూసేసిన దుకాణం ముందు తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ దొరికారు. రెండోసారి ఏదో బస్సెక్కి చివరి స్టాపులో దిగి ఐదు గంటలు కూర్చున్నారు. ఆ ఐదు గంటల్లో మా ఆయనకు తల ప్రాణం తోకకు వచ్చింది. మర్నాడే వెళ్లి తలుపుకు బయట నుంచి వేసే పెద్ద గడియ ఒకటి కొనుక్కొచ్చాడు.

"గంప కింద కోడిని పెట్టినట్టు పెడతావన్నమాట" అన్నారు మామగారు, ఆ డబ్బా వంక చూస్తూ.

"అది కాదు నాన్నా, నీ మంచికే."

"కోడికి కూడా అలాగే చెబుతారు."

మా ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. అందుకని మధ్యలో నేను కల్పించుకున్నాను. మామగారి కోటు మీద ఒక క్యూఆర్ కోడ్ పెడదామన్నాను. దారి తప్పినా ఎవరో ఒకరు ఫోన్ చూపిస్తారు, మనకు కబురొస్తుంది. అది పనిచేస్తే గడియ అక్కర్లేదు. పనిచేయకపోతే బిగించుకోండి, నేను అడ్డురాను.

"నెల రోజులు చూస్తాను. అంతవరకు ఒక్కడివే వీధిలోకి వెళ్లకు నాన్నా" అన్నాడు మా ఆయన.

ఒక సెలవురోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మామగారిని కూర్చోబెట్టి, చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఎప్పుడూ ఇంట్లోనే మర్చిపోయి వెళ్లే ఆయన ఫోన్‌లోనే మాటలు టైపు చేశాను. ఒక మీట నొక్కితే ఆ మాటలు గళ్లుగా మారాయి. దాన్ని కాగితం మీద అచ్చువేయించి ఆయన ముందు పెట్టి, ఆయన ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను.

"కెమెరా తెరిచి దీనికి చూపించండి. మరీ దగ్గరికి పెట్టకండి మామయ్యా, నాలుగు అంచులూ కనబడాలి. చుట్టూ కాస్త తెల్లజాగా కూడా పడాలి. చెయ్యి కదపకూడదు."

"నా చెయ్యి కదులుతుందని ఎవరన్నారు?"

కదల్లేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆయన పైకే చదివారు. "ఈయనకు మతిమరుపు. ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి." కింద నా నంబరు.

చదివి, కాగితాన్ని వెనక్కి తిప్పి చూశారు, బట్ట నాణ్యం చూసినట్టు.

"మాటలు మారిస్తే?"

"గళ్లు మారతాయి. మాటలు పెరిగితే గళ్లు కూడా పెరుగుతాయి."

"ఎవరైనా చెయ్యొచ్చా ఇది?"

"ఎవరైనా. ఇప్పుడు నేను చేశానుగా."

"మీ గోదాములో కూడా ఇవేనా? ఎప్పుడైనా ఏదైనా తప్పిపోయిందా?"

"పక్క బల్లల మీద ఏమో గానీ, నా చేతిలో పడ్డదేదీ ఇంతవరకు పోలేదు" అన్నాను. గొప్పకు అన్నానని ఒప్పుకుంటాను. నిజమే కాబట్టి కాస్త గట్టిగానే అన్నాను.

కాగితాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి జేబుకు అతికిద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "చీటీ అతికించడానికి నేనేమన్నా పెట్టెనా? ఒక్క ఉతుక్కి ఊడొస్తుంది. నేను కుడతాను" అన్నారు. భూతద్దం పెట్టి గళ్లు లెక్కపెట్టారు. అడ్డం నలభై ఒకటి, నిలువు నలభై ఒకటి. తెల్లటి ముతక బట్ట ముక్క, నల్లదారం తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. పొద్దున ఏం తిన్నదీ చెప్పలేని మనిషి, ఏ వరుసలో ఎన్నో గడి దగ్గర ఆపిందీ ఎప్పుడడిగినా ఠక్కున చెప్పేవారు.

పద్దెనిమిది రోజులకు పూర్తయింది. చూడటానికి అచ్చు వేసినట్టే ఉంది. నేను ఫోన్ చూపించాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. వెలుతురులో చూపించాను, నీడలో చూపించాను, తలకిందులు చేసి చూపించాను. మా ఆయన వచ్చి నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు కనబడింది నాకు. ఏ క్యూఆర్ కోడ్‌కైనా మూడు మూలల్లో పెద్ద గళ్లుంటాయి. నాలుగో మూల అలా ఉండదు, అక్కడికి కాస్త ఇవతల చిన్న గడి ఒకటుంటుంది. మామగారి దాంట్లో నాలుగు మూలల్లోనూ నాలుగు పెద్ద గళ్లు దర్జాగా కూర్చున్నాయి.

"మామయ్యా, ఈ మూల పెద్ద గడి ఎందుకొచ్చింది?"

"మీవాళ్లు మర్చిపోయారు. మూడు వేసి, నాలుగోదానికి ఏదో చిన్న బొట్టు పెట్టి వదిలేశారు. సరిచేశాను."

యాభై ఏళ్లలో ఆయన ఒక బట్టను వంకరగా వదిలింది లేదు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

"మర్చిపోలేదు మామయ్యా. ఆ మూడు గళ్లను బట్టే ఫోన్‌కు ఏది పైనో ఏది కిందో తెలుస్తుంది. నాలుగూ ఒకేలా ఉంటే దానికి దిక్కు తెలియదు. మధ్యలో ఎక్కడైనా కాస్త మరక పడినా, చిరిగినా చదువుకుంటుంది. మూలలు మారితే మాత్రం చదవదు."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటావు."

"ఈ కుందేలుకు నిజంగానే మూడే."

ఆయన ఆ ముక్కను చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "అంటే లేనిదాన్ని బట్టి దారి తెలుసుకుంటుందన్నమాట" అన్నారు చివరికి. కోటు జేబులోంచి చిన్న కత్తెర తీశారు.

మా ఆయన అదే సాయంత్రం గడియ డబ్బా తెరిచాడు. మేకులు బల్ల మీద పోసి, తలుపుకు పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు. "నెలలో పన్నెండు రోజులే మిగిలాయి" అన్నాడు. నేను ఇంకో నెల అడిగాను. పెన్సిల్ గుర్తులు తుడవకుండానే సరేనన్నాడు.

పాతది విప్పి నాలుగో మూల సరిచేస్తే నాలుగు రోజుల పని. కానీ మామగారు కొత్త బట్ట ముక్క తీసుకున్నారు. విప్పిన బట్ట నిలవదన్నారు. రఫూ మేస్త్రీ నోట ఆ మాటేమిటని నేను అప్పుడు అనుకోలేదు. ఆ నెలంతా ఆయన కిటికీ వదల్లేదు. పక్కన ఫోన్ ఉండేది. ఒకరోజు నన్ను పిలిచి, "ఇందులో త కింద ర వత్తు ఎలా వస్తుందమ్మాయ్?" అని అడిగారు. చూపించాను. ఎందుకని అడగలేదు. వంట పొయ్యి మీద ఉంది.

నెల చివరి రోజు పొద్దున, నేను ఒక కాలికి చెప్పు తొడిగి రెండోదాని కోసం వెతుకుతుంటే, కోటు తెచ్చి నా ముందు పట్టుకున్నారు. జేబు మీద ముక్క కుట్టేసి ఉంది. మూడు మూలలే. పాతదానికన్నా కొంచెం పెద్దగా కనిపించింది.

"గళ్లు ఎక్కువున్నట్టున్నాయే?"

"సన్నగా కుట్టాను."

నా ఫోన్‌లో గోదామువాళ్ల స్కానింగ్ యాప్ ఉంది; కోడ్ అందితే బీప్ అంటుంది, మాటలు చూడాలంటే ఇంకో మీట నొక్కాలి. అదే తెరిచి చూపించాను. చూపించీ చూపించకముందే బీప్ అంది. వంటింట్లోంచి మా ఆయన తల బయటపెట్టాడు.

"చదవవా?" అన్నారు మామగారు.

"ఎందుకు మామయ్యా, బీప్ వచ్చిందిగా."

ఆయన నా మొహం వంక ఒకసారి చూశారు. "సరే, నీ ఇష్టం" అని కోటు తొడుక్కుని, పది గంటలు కాకుండానే వీధిలోకి వెళ్లిపోయారు. గడియ డబ్బా సొరుగులోకి వెళ్లింది.

రెండు నెలలు ఏమీ జరగలేదు. ఆయన వెళ్లేవారు, వచ్చేవారు. ఒక మంగళవారం పదకొండున్నరకు, బెల్టు నిండా పెట్టెలుండగా, నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. పెట్టె ఒకటి చేతిలో ఉండగానే ఎత్తాను.

"మీరు కోడలుగారేనా?" ఎవరో మగమనిషి.

"ఎవరి కోడలు?"

"రఫూ మేస్త్రీగారి కోడలు. నాది మంగలి షాపండీ. పెద్దాయన గడ్డం చేయించుకున్నారు. లేచారు, తలుపుదాకా వెళ్లారు, మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఇల్లెక్కడండీ అంటే జేబు చూపించి, దాన్ని అడుగు అన్నారు. ఫోన్ పెట్టి చూశాను."

బతికించారనుకున్నాను. తర్వాత తట్టింది. నేను రాసినదాంట్లో రఫూ మేస్త్రీ అన్న మాట లేదు. కోడలన్న మాట కూడా లేదు.

"అందులో ఏముందో కాస్త చదువుతారా?"

"మీకు తెలీదా అమ్మా?"

"చదవండి బాబూ."

అతను గొంతు సవరించుకుని, బడిపిల్లాడిలా ఒక్కో మాటా విడదీసి చదివాడు. "రఫూ మేస్త్రీని. దారి తప్పితే మా కోడలికి చెప్పండి. ఆమె చేతిలో పడ్డదేదీ ఇంతవరకు పోలేదు." తర్వాత నా నంబరు కూడా చదివాడు, ఆ నంబరుకే ఫోన్ చేసి మాట్లాడుతున్నానన్నది మర్చిపోయి.

నా బల్ల దగ్గర బెల్టు ఆగిపోయింది. చేతిలో పెట్టె అలాగే ఉంది. సిగ్గేసింది. నేను ఆయన గురించి రాసిన మొదటి మాట ఆయన జబ్బు పేరు. ఆయన దాన్ని నా ఎదురుగా పైకి చదివారు, ఒక్క మాట అనలేదు, అడ్డం యాభై ఏడు గళ్లు నిలువు యాభై ఏడు గళ్లు లెక్కపెట్టుకుంటూ నెల రోజులు కూర్చుని దానికి జవాబు కుట్టారు. ఆ జవాబు రెండు నెలలుగా మా ఇంట్లో కొక్కేనికి వేలాడుతూనే ఉంది. బీప్ వచ్చిందని నేను చదవలేదు.

సూపర్‌వైజర్‌కు చెప్పి బయటపడ్డాను. షాపు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే. నేను వెళ్లేసరికి మామగారు అద్దం ముందు కుర్చీలో నున్నటి గడ్డంతో కూర్చుని ఉన్నారు. ఒళ్లో మంగలి తువ్వాలు ఉంది, దాని చిరుగు అంచు దగ్గర సూది ఆడుతోంది. నన్ను చూసి దారం కొరికారు.

"వచ్చావా. వస్తావన్నాడు ఇతను."

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మామయ్యా, ఇది ఎప్పుడు రాశారు?"

"ఏది?"

"ఇది." జేబు చూపించాను.

ఆయన తల వంచి చూసుకున్నారు. బొటనవేలితో అంచు తడిమారు, వెనకనుంచి కుట్టు బిగువు చూశారు. "కుట్టు నాదే" అన్నారు. "ఇందులో ఏదైనా రాసుంటుందా?"

అబద్ధమాడటం లేదు. నిజంగానే గుర్తులేదు. నేను ఫోన్ తీశాను. గోదాము యాప్ కాకుండా మామూలు కెమెరా తెరిచి, నాలుగు అంచులూ పడేలా దూరంగా పట్టుకున్నాను. నా చెయ్యి కదిలింది. మళ్లీ పట్టుకున్నాను. అక్షరాలు వచ్చాక మొదట్నుంచి చివరిదాకా ఆయనకు వినబడేలా చదివాను.

ఆయన చెవి కాస్త ఇటు వంచి, శ్రద్ధగా విన్నారు. విని, తువ్వాలు మడతపెట్టి మంగలి చేతికిచ్చారు.

"ఎవరు రాశారో గానీ, నిన్ను బాగా ఎరిగినవాళ్లే రాశారమ్మాయ్" అన్నారు.