చుక్కలక్క

కింది దవడ అచ్చులో చిన్న గాలిబుడగ మిగిలిపోయింది. ఆమె దాన్ని సన్నటి కత్తిమొనతో గీకి, పొడి ఊది, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి మళ్లీ చూసింది. ఇరవై రెండేళ్లుగా ఆ మూడో అంతస్తు గదిలో ఆమె పని ఇదే. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, దాని మీద మైనంతో చిగుళ్లు కట్టడం, కట్టుడు పళ్లు వరసగా పేర్చడం. ఆ పళ్లతో ఎవరు నవ్వుతున్నారో ఆమె ఎన్నడూ చూడలేదు. గోళ్ల చుట్టూ పట్టిన తెల్లటి పొడి ఎంత కడిగినా పోయేది కాదు. ఆ ఉదయం మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగింది. ఎడమ భుజం లాగుతోంది. రోజంతా వంగి కూర్చునేదానికి భుజం లాగక ఏం చేస్తుందిలే అనుకుంది.

ఒంటిగంటకు చేతులు తుడుచుకుని, సంచిలోంచి తమ్ముడి లాప్‌టాప్ తీసి బల్ల చివర పెట్టుకుంది.

"మళ్లీ మొదలెట్టావా? ముందు ఏదైనా నోట్లో వేసుకో తల్లీ," అన్నాడు యజమాని, బయటికి వెళ్లబోతూ.

"ఒక్క డౌటేనండీ. చెప్పేసి తింటాను."

"వాళ్లేమన్నా నీకు చుట్టాలా?"

"అక్కా అని పిలుస్తున్నారుగా," అంది.

ఆమె తెరిచింది ఇంటర్నెట్‌లో విజువల్ నావెల్ అనే ఆటలు తయారుచేసేవాళ్లు కలిసే ఫోరం. ఆ ఆటల్లో పరుగులూ తుపాకులూ ఉండవు. తెరమీద ఒక బొమ్మ నిలబడుతుంది, కింద పెట్టెలో దాని మాటలు వస్తాయి. అక్కడక్కడా ఏం జరగాలో ఆడేవాళ్లు ఎంచుకోవాలి. కథ చెప్పాలని ఆశపడి వచ్చేవాళ్లే అందరూ. ప్రోగ్రామింగ్ ఒక్కరికీ రాదు. "అక్కా, నా ఆట తెరుచుకోవట్లేదు" అని రోజూ ఎవరో ఒకరు మొత్తుకుంటారు. పదిసార్లలో ఏడుసార్లు జబ్బు ఒకటే. "ఆ కోడ్ వరస చివర రెండు చుక్కలు, అదే కోలన్, మరిచిపోయావు, పెట్టు" అని రాస్తుంది. అలా ఆమె చుక్కలక్క అయింది. మా అక్క పట్టపగలే చుక్కలు చూపిస్తుంది అని అక్కడ పాత జోకు.

ఆవేళ అడిగినావిడ రిటైరైన బస్ కండక్టర్. తన బస్సునే ఆటగా కడుతోంది. రోజూ ఆఖరి స్టాపులో దిగే ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన దిగగానే ఆట ఆగిపోయి, తప్పుందని ఎర్రక్షరాలు వస్తున్నాయి.

చుక్కలక్కకు చూడగానే తెలిసింది. ముసలాయన దిగాక కథను 'దిగాక' అనే చోటికి వెళ్లమని కండక్టరమ్మ కోడ్‌లో రాసింది. ఆటలో ఎక్కడా ఆ పేరుతో చోటే లేదు.

"అక్కడ ఇంకా ఏమీ రాయలేదు కదండీ?" అని అడిగింది.

"ఏం రాయమంటావమ్మా? ఒకరోజు దిగాడు, మళ్లీ బస్సెక్కలేదు. ఏమయ్యాడో నాకు తెలిస్తేగా?"

మామూలుగా నిమిషంలో జవాబిచ్చే మనిషి. ఈసారి రెండుసార్లు ఏదో రాసి చెరిపేసింది. తర్వాత రాసింది: "తెలియకపోతే తెలియదనే రాయండి. ఒక్క మాట చాలు. చోటంటూ లేకపోతే ఆట అక్కడే విరిగిపోతుంది."

పంపాక, తెర మూలనున్న ఫోల్డర్ వైపు చూసింది. తొమ్మిదేళ్లుగా అది అక్కడే ఉంది.

తమ్ముడు సగం చేసి వదిలిన ఆట అది. పని నుంచి వచ్చి ఆమె తలుపేసుకుని పడుకుంటే వాడు బయట నిలబడి, "అక్కా, ఒక్కసారి చూడవే" అని పిలిచేవాడు. "రేపు చూస్తాలేరా" అని లోపల్నుంచే అనేది. ఒక సాయంత్రం అలాగే అంది. వాడు ఏదో కొనడానికి వెళ్లి, రోడ్డు దాటుతూ లారీ కింద పడ్డాడు. వాడి ఆట తెరవడం కోసమే ఆమె ఇదంతా నేర్చుకుంది. నేర్చుకుని తెరిస్తే, అందులో ఒక కుర్రాడు మూసిన తలుపు ముందు నిలబడి "అక్కా" అంటాడు. రెండు దారులు: అక్క తలుపు తీసింది, అక్క తలుపు తీయలేదు. ఏది నొక్కినా ఎర్రక్షరాలే. ఆ చోట్లు వాడు రాయలేదు. ప్రపంచంలో అందరి ఆటలూ బాగుచేసింది కానీ దీని జోలికి మాత్రం పోలేదు. ఒక్కోసారి పళ్లు పేరుస్తుంటే వీపు వెనక "అక్కా" అని వినబడేది. తిరిగి చూసేది కాదు.

ఇప్పుడు ఫైలు తెరిచింది. 'తలుపు తీసింది' అనే చోటు తయారుచేసి, కింద ఒక మాట రాసింది. ఆడించింది. ఎర్రక్షరాలు! చూస్తే, రెండు చుక్కలు మరిచిపోయింది. గదిలో ఒక్కతే పడీపడీ నవ్వింది. చుక్కలు పెట్టి మళ్లీ ఆడించింది.

తలుపు తెరుచుకుంది. వాడు గీసిన అక్క, నెరవని జుట్టుతో, గుమ్మంలో నిలబడింది. కింద పెట్టెలో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి: "రారా, చూపించు."

ఆట అయిపోయింది. రెండో దారి ఆమె రాయలేదు, అలాగే వదిలేసింది. "అక్కా" అన్న పిలుపు కోసం కాసేపు చెవి ఒగ్గింది. వీధిలో ఎవరిదో స్కూటర్ హారన్ తప్ప ఏమీ లేదు. భోజనం డబ్బా మూత కూడా తీయకుండా, సాయంత్రానికి ఇవ్వాల్సిన అచ్చు గుర్తొచ్చి, నీళ్లలో ప్లాస్టర్ పొడి వేసి గరిటెతో కలపడం మొదలుపెట్టింది.

మూడింటికి యజమాని వచ్చేసరికి ఆమె మోచేతి మీద నుదురు ఆనించి ఉంది. అలిసి కునుకు తీస్తోందనుకుని కాసేపు చప్పుడు చేయకుండా తిరిగాడు. "అమ్మాయ్, ఇక లే" అని భుజం తట్టినప్పుడు ఆమె చెయ్యి బల్ల మీంచి జారి వేలాడింది.

కిందికి మోసుకెళ్లడానికి నలుగురు వచ్చారు. లాప్‌టాప్ తెరమీద కండక్టరమ్మ జవాబు వచ్చి ఉంది. "పనిచేసిందమ్మా! ముసలాయన దిగి చెయ్యి ఊపాడు. ఇంకో చిన్న డౌటు, ఉన్నావా?" యజమాని కళ్లద్దాలు లేక అది చదవలేకపోయాడు. మూత దించి, వాళ్ల వెంట మెట్లు దిగాడు.

బల్ల మీద రబ్బరు గిన్నెలో, ఆమె కలిపిన ప్లాస్టర్ అప్పటికే రాయిలా గట్టిపడింది. మధ్యలో గరిటె, ఎవరూ పట్టుకోకుండానే, నిటారుగా నిలబడి ఉంది.