పాత ల్యాప్‌టాప్‌కి కొత్త తొడుగు

మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్షకి కొత్త ట్యాబ్ కొందామని మా ఆయన, పాత ల్యాప్‌టాపే చాలని నేను. "పైన పటారం, లోన లొటారం! అద్దం మీద వేళ్లు గీకుతూ అంత పరీక్ష ఎలా రాస్తుందయ్యా?" అని ఆయన నోరు మూయించి, రిపేరు షాపులో ఓ మొద్దు ల్యాప్‌టాప్ ఏరి తెచ్చాను. "పాతదే కానీ గట్టిదక్కా. అడుగున గాలి మాత్రం ఆడనివ్వు," అన్నాడు షాపతను. చవగ్గా దొరికిందన్న సంబరంలో ఆ మాట ఎవరు విన్నారు?

ఇంటికి రాగానే, తెరిచి వాడుతున్నా ఊడకుండా దాని ఒంటికి బిగుతుగా తొడుగు కుట్టాను. టైలర్ని కదా, చేతులు ఊరుకుంటాయా! గీతలు పడకుండా అడుగంతా స్పాంజి పెట్టి, రెండు వరసల కుట్టు వేశాను. బట్టయినా చినగాలి గానీ నా కుట్టు ఊడదని ఊరంతా డప్పు కొట్టుకునేదాన్ని.

పరీక్ష రోజు వచ్చింది. నెగ్గితే మా అమ్మాయికి కాలేజీలో ఫీజు లేని సీటు. లేకపోతే నా పక్కన కూర్చుని గుండీలు కుట్టడమే. గదిలో ఇంకో ముఖం కెమెరాకి కనపడినా, ఇంకో గొంతు వినపడినా పరీక్ష రద్దు. అందుకే కుట్టుమిషను తల తీసి కింద పెట్టి, ఆ బల్ల మీదే ల్యాప్‌టాప్ అమర్చాను. తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను.

సగంలో లోపలి ఫ్యాను రొద మొదలెట్టింది. అక్షరం కొడితే తెర మీద ఎప్పటికో పడుతోంది. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చవక సరుకని చెప్తే విన్నావా?" మా ఆయన చెవి దగ్గర బుసకొట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది షాపతని మాట. తప్పు సరుకుది కాదు, నా తొడుగుది!

కత్తెర పట్టుకుని పాక్కుంటూ బల్ల కిందకి దూరాను. మిషను తల ఉండే కంతలోంచి ల్యాప్‌టాప్ అడుగు అందింది. పెనంలా కాలుతోంది. కుట్టు తెగదే! దిక్కుమాలిన రెండు వరసలు! చప్పుడవుతుందేమోనని ఒక్కో పోగే కోశాను. చివరికి స్పాంజి ఊడి నా మొహాన పడింది.

కాసేపటికి రొద తగ్గింది. అక్షరాలు మళ్లీ చకచకా పడుతున్న చప్పుడు. అంతలో ముక్కులో దుమ్ము దూరి తుమ్ము ముంచుకొచ్చింది. గుడ్డపీలిక నోట్లో కుక్కుకుని, వణుకుతున్న పిల్ల పాదాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. పాదం లాక్కోలేదు.

ఎంతసేపయిందో తెలియదు. పైన మూత వేసిన చప్పుడైంది.

"అన్నీ రాసేశానమ్మా," అంది. "ఇంక తుమ్ముకో."